గంట ముందాయన

పోయిన మంగళవారం జగ్గయ్యపేటలో మందుల షాపు దగ్గర నిలబడి మా అమ్మ బీపీ బిళ్లలు తీసుకుంటున్నాను. షాపాయన బిళ్లలు లెక్కపెడుతూనే, తల ఎత్తకుండా, "గంట ముందాయన పోయాడండి, తెలిసిందా?" అన్నాడు.

నేను నమ్మలేదు. దుఃఖం వల్ల కాదు, ఆయన మీది గౌరవం వల్ల. బతికినన్నాళ్లూ ఎవరేం చెప్పినా మరో ఇద్దరిని అడిగి గానీ నమ్మని మనిషి ఆయన. అలాంటివాడి చావు కబురును ఒక్కడు చెప్పగానే నమ్మేస్తే ఆయన్ని అవమానించినట్టే. అందుకని ఎదురుగా ఉన్న టీ కొట్టులో అడిగాను. అవునన్నాడు. బస్టాండు దగ్గర ఆటో అతన్ని అడిగాను. అవునని ఊరుకోకుండా, "నిద్దట్లోనే అంట సార్, పుణ్యాత్ముడు" అని కూడా చేర్చాడు. ముగ్గురు చెప్పారు కాబట్టి పోయిన మాట నమ్మాను. నిద్రలో పోయాడన్నది మాత్రం నాకిప్పటికీ అనుమానమే. తీసుకుపోవడానికి వచ్చినవాడి దగ్గర గుర్తింపు కార్డు అడిగి, దాని మీద ఫొటోని మొహంతో పోల్చి, ఈ వీధిలో ఇదే పేరు గలవాళ్లు ఇంకెవరన్నా ఉన్నారేమో వాకబు చేయకుండా ఆ మనిషి మంచం దిగి ఉండడు.

మా వైపు ఊళ్లలో మత్తు డాక్టరు ఒకచోట కూర్చునే మనిషి కాదు. పొద్దున్నే జగ్గయ్యపేటలో ఒక ఆపరేషను, పదకొండింటికి నందిగామలో ఇంకొకటి, మధ్యాహ్నం కంచికచర్లలో మూడోది. హైవే మీద కారులో తిరుగుతూ ఊళ్లకు ఊళ్లను నిద్రపుచ్చి పోతుంటాడు. ఆయన దగ్గర పనిచేసిన మనిషే ఈ గంట ముందాయన. పిల్లల ఆపరేషను ఉన్న రోజున డాక్టరు కారు కన్నా సరిగ్గా గంట ముందు ఎర్ర బస్సులో వచ్చి దిగేవాడు. పిల్లల చేతికి మత్తు సూది గుచ్చే ముందు అక్కడి చర్మం మీద ఒక తెల్లటి క్రీము పెట్టాలి. చర్మం మొద్దుబారి, సూది దిగినా తెలియకుండా ఉండాలంటే దానికి గంట కావాలి. ఆ గంటకి అధిపతి ఈయన. పేరంటూ ఉండే ఉంటుంది. నేను వినలేదు. మా అమ్మకి సాయిబుగారు, నర్సులకి భాయ్, తక్కిన మండలాలన్నిటికీ గంట ముందాయన.

మనిషి దండెం మీద ఆరేసిన చొక్కాలా ఉండేవాడు. రెండు చేతులకీ రెండు వాచీలు. ఒక వాచీ అబద్ధమాడితే పట్టుకోవడానికి రెండోది. రెండూ ఏకమై మోసం చేస్తాయేమోనని గోడ గడియారం కనిపించిన చోటల్లా ఆగి మూడింటినీ ఎదురెదురుగా నిలబెట్టి విచారించేవాడు. క్రీము ట్యూబుని జేబురుమాల్లో చుట్టి, స్టీలు టిఫిను డబ్బాలో పెట్టి, డబ్బాని సంచిలో పెట్టి, సంచిని ఒళ్లో పెట్టుకుని ప్రయాణం చేసేవాడు. కోహినూరు వజ్రాన్ని ఇంత జాగ్రత్తగా చూసుకుని ఉంటే అది ఇప్పటికీ మన కృష్ణా తీరంలోనే ఉండేది. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు గడువు తేదీ చదివేవాడు. బిస్కెట్ల ప్యాకెట్టు సరే, పెళ్లిలో ఇచ్చిన మంచినీళ్ల సీసా సరే, ఒకసారి శుభలేఖని కూడా తిరగేసి వెతికాడని నర్సులు చెప్పుకునేవారు. శుభలేఖ సంగతి నేను నమ్మను. మిగతావి కళ్లారా చూశాను.

నాకు ఆయన పరిచయం అయింది మా సాహితి గొంతు వల్ల. అప్పుడు దానికి ఆరేళ్లు. టాన్సిల్స్ వాచి రాత్రుళ్లు గురక పెట్టేది. మా ఇంటికి కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ గురక విని సున్నపురాయి క్వారీలో పేలుడు పెడుతున్నారనుకుని చెప్పులు వేసుకుని బయటికి పరిగెత్తారు. ఆపరేషను చేయాల్సిందేనన్నారు. చేసే డాక్టరు నందిగామలో. నర్సింగ్‌హోం నుంచి ఫోను చేసి, తెల్లవారాక పిల్లకి తిండీ నీళ్లూ ఏమీ పెట్టొద్దని మా ఆవిడకి చెప్పారు, ఆవిడ మా అమ్మకి చెప్పింది, మా అమ్మ సరేనంది.

అసలు భయం ఆపరేషను కాదు, సూది. అంతకుముందు జ్వరానికి ఒక ఇంజెక్షను వేయించబోతే నలుగురం పట్టుకున్నాం. అందులో ఒకరిని కరిచింది, ఒకరిని తన్నింది, మూడో ఆయన ఇప్పటికీ మా ఇంటి శుభకార్యాలకి రాడు. నాలుగోవాణ్ని నేను.

నందిగామలో మేడ మీది గదిలో మేం నలుగురం కూర్చున్నాం: నేను, మా ఆవిడ, మా అమ్మ, మంచం మీద పట్టు పరికిణీతో ఏడుస్తూ సాహితి. పట్టు పరికిణీ ఎందుకంటే మా అమ్మ పంతులుగారి చేత పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి ముహూర్తం పెట్టించింది. సరిగ్గా పదింటికి ఈయన తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. లోపలికి రాలేదు. తలుపు మీది నెంబరు చూశాడు. చేతిలోని కాగితం చూశాడు. మళ్లీ నెంబరు చూశాడు.

"పాప పేరేందండి?" అని నన్నడిగాడు. చెప్పాను. మా ఆవిడని అడిగాడు. చెప్పింది. చివరికి పిల్లనే అడిగాడు.

"మూడుసార్లు చెప్పాం కదండీ!" అన్నాను.

"మీరు ముగ్గురూ ఒకే ఇంటోళ్లండి," అని మా మంచానికి కట్టిన చీటీ కూడా చదివి అప్పుడు అడుగు లోపల పెట్టాడు.

సంచిలోంచి డబ్బా, డబ్బాలోంచి రుమాలు, రుమాల్లోంచి ట్యూబు. తేదీ చదివాడు. సాహితి చేతి వెనకాల, వేళ్లకి పైన, ఆ క్రీముని పిండాడు. పూయడం కాదు, ఇడ్లీ మీద వెన్నముద్ద పెట్టినట్టు కుప్పగా పెట్టాడు. దాని మీద లోపల కనబడే పల్చటి ప్లాస్టిక్ పట్టీ అంటించాడు. రెండో చేతికీ అంతే. తర్వాత రెండు వాచీలూ చూసి, వెనకబడిన వాచీ ముందున్న దాన్ని అందుకునేదాకా ఊపిరి బిగబట్టి, పట్టీ మీద పెన్నుతో టైము రాశాడు.

నేను సిమెంటు వ్యాపారిని. తెల్లటి పదార్థం ఏది చూసినా అందులో ఏం కలిసిందోనని అనుమానించడం నా వృత్తిధర్మం.

"రెండు చేతులకీ ఎందుకండీ?"

"ఒక చేతిలో నరం దొరక్కపోతే? నరాల్ని నమ్మకూడదండి."

"కొంచెం రుద్దితే తొందరగా పనిచేస్తుందేమో."

"రుద్దకూడదు. దాని దారిన అదే దిగాల. గంట."

"నాకైతే టూత్‌పేస్టులా ఉంది," అన్నాను.

మా ఆవిడ నా కాలు తొక్కింది. కానీ ఆయన మొహం వెలిగిపోయింది. తప్పిపోయిన తమ్ముడు కనిపించినట్టు నా వంక చూశాడు.

"అనుమానమా సార్? ఉండాలండి! ఇట్టా ఇవ్వండి చెయ్యి."

ఏమంటున్నాడో తెలిసేలోపల నా ఎడమచేతి మీద కూడా చిన్న కుప్ప పెట్టి, పట్టీ వేసి, టైము రాసేశాడు. నాన్న చేతికీ అదే మందు పడటంతో సాహితి ఏడుపు సగం తగ్గింది. నాది మొదలైంది. ఈయనెవరు, ఈ మందేమిటి, నా చెయ్యి రేపు షాపు తాళం తీస్తుందా, అన్నీ అనుమానాలే.

"పాపేమన్నా తిందాండి?" అన్నాడు మామూలుగా.

"పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. నాదీ గ్యారంటీ," అన్నాను, గది అదిరిపోయేట్టు.

ఆ పొద్దున పిల్ల ఏం తిందో నాకెంత తెలుసంటే, చంద్రుడి మీద ఏం వండుకుంటున్నారో అంత తెలుసు. నేను కారు మాట్లాడే హడావుడిలో వీధిలో ఉన్నాను. అయినా సిమెంటు బస్తా అమ్మేటప్పుడు వచ్చే గొంతుతోనే చెప్పాను. మా అమ్మ గోడకేసి చూస్తూ కూర్చుంది.

"మంచిదండి," అని ఆయన స్టూలు లాక్కుని సాహితి పక్కన కూర్చున్నాడు. పోతాడనుకున్నాను. పోలేదు. పెట్టడం అయ్యాక ఇంకా ఇక్కడెందుకని నాకు కొత్త అనుమానం.

"పాపా, మనం ఒకాట ఆడదామా? నేను చెప్పేదాంట్లో తప్పుంటే నువ్వు దిద్దాల. కోడికి నాలుక్కాళ్లు."

"కాదు తాతా, రెండే!"

"మీ నాన్నకి నెత్తి మీద జుట్టు దట్టంగా ఉంది."

"లేదు! చూడు, లేదు!" దాని సంతోషానికి అంతు లేదు.

"జగ్గయ్యపేట నించి నందిగామకి మీరు ఏనుగెక్కి వచ్చారు."

"కారులో వచ్చాం!"

నేనూ కాస్తో కూస్తో కోతలు కోసేవాణ్నే. కానీ ఆయన కోతల ముందు నావి మునిసిపల్ పంపు ముందు చెంబుడు నీళ్లు. మున్నేరులో మొసలి మా ఆవిడకి పెద్దమ్మ కూతురన్నాడు. మా షాపులో సిమెంటు కాకుండా గోధుమపిండి అమ్ముతామన్నాడు. ఒక్కోదానికీ పిల్ల మంచం మీద ఎగిరి దిద్దుతోంది. ఈలోగా ఆయన మధ్యలో ఆగి మా ఆవిడతో, "అమ్మా, సారు చెయ్యి ఒకసారి గిచ్చి చూడండి," అన్నాడు. పట్టీ కొంచెం ఎత్తి చూస్తే నా చర్మం అక్కడ సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది. మా ఆవిడ గిచ్చింది. తెలియలేదు. మళ్లీ గిచ్చింది. పెళ్లయిన పదేళ్లలో ఆవిడకి ఇలాంటి సదవకాశం దొరకలేదు. ఆపమని ఆయనే చెప్పాల్సి వచ్చింది. మందు నిజమేనని నేను ఒప్పుకున్నాను. నా తెలివితేటల మీద నాకు నమ్మకం కలిగింది కూడా: అనుమానించాను కాబట్టే కదా నిజం తేలింది!

"పాపా, ఇవాళ పొద్దున్నే నువ్వు పన్నెండు దోసెలు తిన్నావు."

"కాదు!"

"పన్నెండు దోసెలు, ఆరు పూరీలు, ఒక బకెట్టు సాంబారు."

"అబద్ధం! ఒక్క అరటిపండే! ఇంకా గ్లాసుడు పాలు!"

అని వెంటనే చేత్తో నోరు మూసుకుని మా అమ్మ వైపు చూసింది. 

ఆయన స్టూలు మీంచి లేచాడు. మొహంలో ఆట లేదు. ఫోను తీసి మత్తు డాక్టరుకి చెప్పాడు. రెండే ముక్కలు. "సార్, పాప పాలు తాగింది. ఇవాళ వద్దండి."

అప్పుడు నాలోని సిమెంటు వ్యాపారి మేల్కొన్నాడు. "ఏవండీ, మీరెవరు వద్దనడానికి? చిన్నపిల్ల మాట పట్టుకుని..."

"పెద్దోళ్ల మాట పట్టుకునే అలవాటు పోయిందండి నాకు."

"ఇందులో ఏదో ఉంది. మీకు ఇంకో ఊళ్లో కేసు ఉండి ఉంటుంది, మమ్మల్ని తప్పించడానికే ఈ నాటకం. పదకొండూ పన్నెండు దాటితే ముహూర్తం మళ్లీ రాదు తెలుసా!"

"ముహూర్తం మళ్లీ పెట్టించుకోవచ్చు సార్," అన్నాడాయన నెమ్మదిగా.

ఆ మాటలో ఏముందో నాకు వెంటనే తట్టలేదు. మా ఆవిడకి తట్టింది. పిల్లని దగ్గరికి లాక్కుంది.

ఆయన మా అమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. పెట్టారా లేదా అని అడగలేదు. "అమ్మగారూ, మీరు ఏకాదశికి ఉపవాసం ఉంటారా?" అన్నాడు.

"ఉండకేం? నలభై ఏళ్ల నించి. మెతుకు ముట్టను."

"ఆరోజు ఏం పుచ్చుకుంటారండి?"

"ఏవుంది నాయనా, ఒక పండు, కాసిని పాలు. అన్నం తింటే కదా తిన్నట్టు! పిల్లక్కూడా అంతే పెట్టా. ఏం తినకూడదన్నారని మెతుకు తాకనివ్వలా. పాలూ పండూ తిండెట్టా అవుద్ది సాయిబుగారూ? ఆకలికి కళ్లు తిరిగి పడిపోద్దేమోనని..."

మా ఇళ్లలో అంతే మరి. ఆరు ఇడ్లీలు తిన్నవాణ్ని ఏమన్నా తిన్నావా అంటే ఇంకా తినలేదు, టిఫినే చేశానంటాడు. అన్నం పడితే గానీ అది తిండి కిందికి రాదు.

డాక్టరు వచ్చాక మా అమ్మకి తనే చెప్పాడు. మత్తులో ఉన్నప్పుడు కడుపులో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే పిల్ల దక్కదమ్మా అని. ఎల్లుండి చేద్దామన్నాడు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పట్టు పరికిణీ పిల్లేమో మంచం మీద కూర్చుని, చేతి పట్టీలు తీస్తుంటే, "నేను చెప్పకూడదా నానమ్మా? తాత తప్పు చెప్తున్నాడు కదా," అంది.

గంట ముందాయన ట్యూబుని మళ్లీ రుమాల్లో చుడుతూ, "ఏడవమాకండి అమ్మగారూ," అన్నాడు. "ఆకలేస్తదని పెట్టారు. పెట్టని నానమ్మ నాకింతవరకు కనపళ్లా. అందుకేగా నేను గంట ముందొచ్చేది."

క్రీము కోసం కదా వచ్చేది అనబోయి ఆగాను. మందు పెట్టడానికి అయిదు నిమిషాలు చాలు. ఏ నర్సయినా పెట్టగలదు. తక్కిన యాభై అయిదు నిమిషాలూ ఆయన ఎందుకు కూర్చున్నాడో అప్పటికి నా బుర్రకెక్కింది. చర్మం మొద్దుబారేలోపల సూది భయం పోయి పిల్లల నోరు విచ్చుకుంటుంది. ఆయన క్రీము పెట్టేది చేతికే, కూర్చునేది మా కోసం.

ఆ ఎల్లుండి నాడు మా అమ్మ ఆయన్ని మించిపోయింది. తెల్లారగట్ల నుంచీ పిల్లని ఒళ్లోంచి దింపలేదు. నా జేబులు వెతికింది. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు వెతికింది. పిల్లని ముద్దు పెట్టుకోబోతే నీ మూతికి ఏం అంటిందోనని నన్ను తుడుచుకు రమ్మంది. ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు. నందిగామ చేరేసరికి మా కుటుంబమంతా కరువు ప్రాంతం నుంచి వలస వచ్చినట్టున్నాం. అయినా ఆయన మళ్లీ స్టూలు వేసుక్కూర్చుని, "పాపా, ఇవాళ ఇరవై గారెలు తిన్నావంటగా," అనే మొదలుపెట్టాడు.

"లేదు తాతా. నానమ్మ కూడా తినలేదు. ఏకాదశి పండు కూడా తినలేదు."

ఆయన మా అమ్మ వంక చూశాడు. నమ్మాడని చెప్పలేను. కానీ తల ఊపాడు.

గంట నిండాక పట్టీ తీసి తుడిచాడు. డాక్టరు సాహితి చెయ్యి పట్టుకున్నాడు. మొసలి పెద్దమ్మ సంగతి మళ్లీ నడుస్తోంది. సన్నటి గొట్టం నరంలోకి దిగి, దాని మీద టేపు వేసి, అంతా అయిపోయాక మా పిల్ల తల తిప్పి, "తాతా, ఎప్పుడు గుచ్చుతారు?" అంది.  

ఆ తర్వాత ఏడాదికి బెజవాడ పోతూ బస్సులో ఆయన పక్కన సీటు దొరికింది. ఒళ్లో సంచి. నందిగామలో ఎవరో పిల్లాడి కేసట. సాహితి గురక పోయిందని చెప్పాను. "పోయిందని ఎవరన్నారండి?" అన్నాడు. మేమే విన్నామన్నాను. 

"ఎందుకండీ మీకింత అనుమానం? పుట్టుకతోనేనా?" అన్నాను నవ్వుతూ.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "మీరు ఆరోజు గ్యారంటీ అన్నారు, గుర్తుందా సార్?"

"ఉంది. తెలీక అన్నా."

"చానా ఏళ్ల కిందట ఇంకో నాన్న కూడా అన్నాడండి. అప్పుడీ క్రీము లేదు. డాక్టరు గారితోపాటే కార్లో వచ్చి దిగేవాణ్ని. పాపేమన్నా తిందా అని అడిగా. ఏం తిన్లా భాయ్, నాదీ పూచీ అన్నాడు. గట్టిగా చెప్పాడు. నమ్మా."

బస్సు చిల్లకల్లు దాటి వేగం అందుకుంది. నేను అడిగాను. "ఆ పాప..."

ఆయన ఒళ్లోని సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "పాపం ఆ నాన్నకీ తెలీదండి. పొద్దున్నే చేలోకి పోయొచ్చాడంట," అన్నాడు. "తెలీనోళ్లే గట్టిగా చెప్తారు సార్."

నందిగామలో దిగిపోయాడు. ఆయన ఖాళీ చేసిన సీట్లో ఒక ముసలాయన కూర్చుని, "బాబూ, ఈ బస్సు కంచికచర్లలో ఆగుద్దా?" అని నన్నడిగాడు. ఆ దారిన పాతికేళ్లుగా తిరుగుతున్నాను. ఎందుకాగదండీ, నాదీ గ్యారంటీ అని నోటిదాకా వచ్చింది.

"కండక్టర్ని అడుగుదాం ఉండండి," అని లేచి ముందుకు వెళ్లాను.